కోవూరులోని ఉషారాణి

అత్తగారిని మెల్లగా ఎడమవైపుకు ఒత్తిగిలజేసి, వీపుకు దిండు ఆనించి, మడమలు పరుపుకు రాచుకోకుండా మెత్తని గుడ్డచుట్ట అమర్చి, ఉషారాణి నడుము నిలబెట్టుకోబోయే సమయానికి వసారాలోనుంచి "మేయ్!" అన్న కేక వినవచ్చింది. ఆ ఇంట ఆ కేకకు అర్థాలు అనేకం. ఉదయం వినబడితే స్నానానికి నీళ్లు, మధ్యాహ్నం వినబడితే అన్నం, ఎవరో వచ్చిన అలికిడితో కలిసి వినబడితే కాఫీ. దేవునికి వేయి నామాలట. ఆమెకు ఆ ఒక్క కేకే నామధేయం.

వసారాలో రొయ్యల బేరగాడు పద్మనాభయ్య కూర్చొని ఉన్నాడు. "పెద్దామెకు మనిషిని పెట్టకపోయినావా మధుబాబూ?" అని అతడు అడగటమూ, "ఇంట్లో నర్సుండగా బయట నర్సెందుకన్నా? జీతానికొచ్చేదానికి ఇంత ఓర్పుంటాదా?" అని భర్త నవ్వటమూ ఆమె చెవిని దాటిపోలేదు. పద్మనాభయ్య ఆమె చేతి గ్లాసు అందుకొని, ఆమె ముఖం చూడకుండానే, "పెట్టి పుట్టినావబ్బయ్యా! నీకు ఆస్పత్రే కాపరానికొచ్చింది" అన్నాడు. ఇద్దరూ పకపక నవ్వారు.

అత్తగారు పిచ్చమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. నోరు వంకరపోయింది, మాట సగమే మిగిలింది, ఒళ్లు మంచానికి అంకితమైంది. గొట్టంతో గంజి పోయటం, మలమూత్రాలు ఎత్తటం, తుడవటం, పొడి అద్దటం, పక్క మార్చటం, తెల్లవారుజామున మళ్లీ పక్క మార్చటం. మంచాన పడిన మనిషి ఒంటిమీద పుండు లేదంటే అది అదృష్టం కాదు. ఆ నున్నని వీపు వెనుక ఎవరిదో నిద్ర ఉంటుంది. ఒకనాడు ఇంటికి వచ్చిన డాక్టరు ఆ వీపు చూసి ఆశ్చర్యపడి, "ఇంత శుభ్రంగా ఎవరు చూస్తున్నారండీ?" అని అడిగితే మధుబాబు వినయంగా "మేమే సార్" అన్నాడు. ఆ 'మేమే'లో తాను ఉన్నదో లేదో వ్యాకరణం తెలిసినవారే చెప్పాలి. ఏటా కార్తీకంలో సత్యనారాయణ వ్రతానికి పీటమీద కూర్చున్నప్పుడూ ఇంతే. పురోహితుడు మగని గోత్రం, మగని పేరు సుస్వరంగా పలికి, ఆమె వంతు రాగానే 'ధర్మపత్నీ సమేతస్య' అని సాగిపోతాడు. పుణ్యంలో సగపాలు ఉన్నదన్నారు పెద్దలు. పేరులో పాలు ఉన్నదని ఎవరూ అనలేదు.

ఇవన్నీ ఆమె ఎరిగినవే, ఎరిగి ఓర్చినవే. కాని మొన్న ఆధార్ కేంద్రంలో జరిగినది మాత్రం ఆమెను భయపెట్టింది. బల్ల దగ్గరి మనిషి "ఉషారాణి... ఉషారాణి ఎవరమ్మా?" అని గొంతెత్తి పిలుస్తున్నాడు. ఆమె కూడా తక్కినవారితోపాటు తల తిప్పి, ఎవరా ఉషారాణి అని చూసింది. పక్కనున్న ముసలామె చీటీ చూసి "నిన్నేనమ్మే!" అని మోచేత పొడిచిన పిదపగాని ఆమెకు స్పృహ రాలేదు. ఇంటికి వచ్చి అత్తగారి పక్క మారుస్తూ, తనదంటూ ఏమి మిగిలిందో లెక్కపెట్టుకున్నది. పుట్టింటివారు ఇచ్చినదీ కాక, అత్తింటివారు పెట్టినదీ కాక, తాను రాత్రులు చదివి సంపాదించుకున్నది ఒక్కటే ఉన్నది: నర్సుగా తన రిజిస్ట్రేషను నంబరు. మరునాడు, అత్తకు గొట్టాలు కొనాలని చెప్పి, మంచం దగ్గర పొరుగింటామెను కూర్చోబెట్టి, తమ ఊరు తోటపల్లి గూడూరులో బస్సెక్కి నెల్లూరు చేరింది. పెద్దాసుపత్రిలో నర్సులను తీసుకుంటున్నారని విన్నది.

నర్సింగు సూపరింటెండెంటు మగ్దలీనమ్మ తలనెరిసిన మనిషి. వార్డులో ఒక రోగిని ఒత్తిగిలజేయమని చూపించి, ఉషారాణి చేసిన తీరు నిలబడి గమనించి, గదిలోకి తీసుకువచ్చి కూర్చోబెట్టింది.

"పని మానిన చేతులు గావమ్మా ఇవి. ఎక్కడ చేస్తా వుండావు?"

"ఎక్కడా చేయలేదమ్మా. పెళ్లయి ఏడేళ్లు, అప్పటినుంచీ ఇంట్లోనే."

"చేతులు చూసి ఉద్యోగమిచ్చే కాలం పోయింది. నంబరు చెప్పు."

ఉషారాణి నంబరు చెప్పింది. అది ఆమెకు గాయత్రిలా కంఠస్థం. మగ్దలీనమ్మ కంప్యూటరులో చూసి కళ్లద్దాలు సవరించుకున్నది.

"నంబరు బాగానే ఉంది. రెన్యూవలు కూడా అయినట్టుందే! పనిచేసే చోటు కోవూరు, డాక్టరు శివశంకర్ నర్సింగ్ హోమ్ అని ఉంది. ఎక్కడా చేయలేదంటివి?"

శివశంకర్ మధుబాబు పెద్దమ్మ కొడుకు. ఆ క్షణాన ఉషారాణికి దోసెల పిండి అంటిన తన వేళ్లు గుర్తుకు వచ్చాయి. "ఇక్కడొక సంతకం పెట్టు, మేయ్" అని భర్త కాగితం చాపటం, చెయ్యి చీరకు తుడుచుకొని తాను పెట్టటం, ఏమిటని అడిగితే "పొలం పని, నీకెందుకు" అనటం. సర్టిఫికెట్లు బీరువాలో భద్రంగా ఉన్నాయనే ఆమె నమ్మిక. తాళంచెవి ఏనాడూ ఆమె చేతికి రాలేదు.

"పాత చోటికి ఫోను చేయకుండా నేనెవర్నీ చేర్చుకోను తల్లీ. సూది పట్టే చెయ్యి ఎవరిదో తెలియాల గదా" అంటూ మగ్దలీనమ్మ నంబరు నొక్కి, ఇద్దరికీ వినబడేటట్లు ఫోను బల్లమీద ఉంచింది.

"నెల్లూరునుంచి. ఉషారాణి సిస్టరున్నారా?"

"ఉండారు మేడం, వార్డులో ఉండారు. ఉషా సిస్టర్! నీకు ఫోను!"

చెప్పుల టపటపలు దగ్గరకు వచ్చాయి. ఆయాసంతో కూడిన ఒక పడుచు గొంతు పలికింది.

"చెప్పండి మేడం. నేను ఉషారాణిని."

కుర్చీలో కూర్చున్న ఉషారాణి తన మణికట్టు తానే పట్టుకొని నాడి చూసుకున్నది. తన పేరు వినబడని ఇంట్లో తాను ఇన్నేళ్లు మూగదై తిరుగుతుండగా, ఆ పేరు పెన్న అవతల తెల్లని దుస్తులు వేసుకొని, పిలిచినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి పలుకుతున్నది. ఆమెలేని పేరు అక్కడ. పేరులేని ఆమె ఇక్కడ.

మగ్దలీనమ్మ ఫోను కట్టేసింది. "మా దేవుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడంటామమ్మా. నీ పేరు పెట్టి పిలిస్తే ఎవురో పలుకుతున్నారు. పోయి తేల్చుకొని రా. ఈ ఉద్యోగం రేపటిదాకా ఆపుతాను."

పెన్న వంతెనమీద కోవూరు బస్సు పోతున్నంతసేపూ చిన్ననాడు తాతగారి పురాణకాలక్షేపంలో విన్న కథ ఒకటి ఆమెను వెన్నాడింది. మగని వేడికి తాళలేక సూర్యుని ఇల్లాలు తన నీడకు ప్రాణం పోసి, తన రూపమిచ్చి, ఇంట నిలిపి వెళ్లిపోయిందట. అక్కడ ఇల్లు విడిచి వెళ్లినది అసలు మనిషి. పనులు చేసినది నీడ. ఇక్కడ వెళ్లినది ఏది, మిగిలినది ఏది? ఇంట్లో మలమూత్రాలెత్తుతున్న తానే నీడయేమో!

నర్సింగ్ హోమ్ వరండాలో ట్రే పట్టుకొని వస్తున్న అమ్మాయి ఎదమీది బిళ్లపై తన పేరు చదివి ఉషారాణి ఆగింది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. "నేను ఉషారాణినమ్మా. తోటపల్లి గూడూరు మధుబాబు భార్యను" అనగానే ట్రేలోని సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. అమ్మాయి ఆమెను మందులగదిలోకి లాగి తలుపు వేసింది.

"నా పేరు పెంచలమ్మ, అక్కా. కసువు చిమ్మేదానికి చేరినా. పదో తరగతి తప్పినా. డాక్టరుగారే ఈ బిళ్ల పెట్టినాడు. ఇప్పుడు మా ఇంట్లో పెంచలా అని పిలిస్తే నేను పలకనని మాయమ్మ తిడతాది."

"సూదులు నువ్వే వేస్తావా?"

"నిమ్మకాయలు తెచ్చి వాటిమీద నేర్పించినాడు. బాగానే వొచ్చింది." ఆ అమ్మాయి తన వేళ్లు చూసుకున్నది. "నిమ్మకాయకు నరాలుండవు గదక్కా."

ఉషారాణి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నది. "ఎవరికేమైంది?"

"సముద్రం పక్కనుంచి వొచ్చినోళ్ల పిల్లోడు. జరమని తెచ్చినారు. పిర్రమీద వేసినా. నరానికి తగిలినట్టుంది. ఇప్పుడు కాలు ఈడుస్తా నడుస్తాడు. వాళ్లమ్మ గేటుకాడ మట్టి ఎత్తిపోసింది. 'ఒసే ఉషారాణీ, నీ చెయ్యి పడిపోను' అనింది. నేను ఈ గదిలోనే దాక్కొని విన్నా. నా పేరు గాదులే, నాకు తగలదులే అని మనసుకు చెప్పుకొన్నా."

ఒక తల్లి కడుపుమంటతో ఎత్తిపోసిన మట్టి గాలిలో కలిసిపోతుందని ఉషారాణి నమ్మదు. ఆ శాపం ఒక పేరు పట్టుకొని బయలుదేరింది. ఆ పేరుగల చెయ్యి ఎక్కడున్నదో వెదుకుతున్నది. ఆమె తన కుడిచేతిని చూసుకున్నది. మూడేళ్లుగా ఒక ముసలిప్రాణానికి ఒక్క పుండు రానివ్వని చెయ్యి.

"మీరు మీ పేరు తీసుకొని పోతే, నన్నేమని పిలుస్తారక్కా ఇక్కడ?" అన్నది పెంచలమ్మ, ఏడుస్తూనే.

తలుపు తెరుచుకొని శివశంకర్ వచ్చాడు. పెంచలమ్మ తల వంచుకొని జారుకున్నది. అతడు తొట్రుపడలేదు. "ఏమ్మా, చెప్పకుండా వొచ్చినావే!" అంటూ విషయమంతా విని, దయగా నవ్వాడు. "దీనికింత దిగులెందుకు? నంబరున్న నర్సును చూపించకుంటే ఆసుపత్రికి పర్మిషనియ్యరు. నీ నంబరు మురిగిపోకుండా కాపాడింది మేమే గదా. ఏడేండ్లు మా దగ్గర చేసినట్టు అనుభవం కాయితం రాసిస్తా. దర్జాగా పెద్దాసుపత్రిలో చేరిపో."

"ఆ అమ్మాయి?"

"ఇంకో పేరు చూసుకొంటాంలే. పెండ్లయి ఇండ్లలో కూర్చున్న నర్సులకు ఈ జిల్లాలో కొదవా?"

సాయంకాలం ఇల్లు చేరేసరికి ఈ కబురు ఆమెకన్న ముందే వచ్చి కూర్చున్నది. మధుబాబు కోపగించలేదు. ఆమెను ఎదుట కూర్చోబెట్టి, ఏనాడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "అన్న మంచిమాట చెప్పినాడు. కాయితం తీసుకో. ఉద్యోగం చేసుకో, నేనేం అడ్డపడను. అమ్మకు మనిషిని పెడదాం." అంతలో ఆ మెత్తదనంలోని ముల్లు బయటపడింది. "రచ్చ చేస్తివా, సంతకం నీది. ముందు పోయేది నీ నంబరే. నీ పేరే పేపర్లో పడేది."

ఆమె అడిగి అడిగి అలసిన వరాలన్నీ ఒక్కసారి, ఒక్క అబద్ధం వెలకు, వాకిట నిలిచాయి. ఉద్యోగం, జీతం, రాత్రి నిద్ర. ఆ కాగితం అందుకుంటే ఏడేళ్ల అనుభవం ఆమెది అవుతుంది. ఆ ఏడేళ్లతోపాటు ఆ పసివాడి కాలూ ఆమెదే అవుతుంది. ఆ సూది తానే వేసినట్లు తానే ఒప్పుకున్నట్లవుతుంది. అందుకోకపోతే, తన సొంతమైన ఆ ఒక్కటీ పోతుంది. రెండు దారులూ గోతిలోకే పోతున్నప్పుడు మనిషి దేనిని ఎంచుకోవాలో ఏ ధర్మశాస్త్రం చెబుతుంది? దేవుని గూటిముందు దీపం వెలిగించి నిలబడితే ఏ పేరుతో మొక్కాలో తెలియలేదు.

అత్తగారి పక్క మార్చటానికి వంగినప్పుడు, అంతా విన్న పిచ్చమ్మ, కదిలే చేతితో ఆమె కొంగు పట్టుకొని, వంకరనోటితో "పో..." అన్నది. అది తిట్టో, దీవెనో, తక్కిన సగం మాట పోయింది గనుక తెలియలేదు. ఉషారాణి ఆ చెయ్యి మెల్లగా విడిపించి, తలగడ సరిచేసింది.

తెల్లవారి మగ్దలీనమ్మ ముందు మళ్లీ కూర్చున్నప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. "కోవూరునుంచి కాయితం తెచ్చినావా?"

"లేదమ్మా. అక్కడ నేనొక్క దినమూ చేయలేదు. నా నంబరు చేసింది." పసివాడి కాలు సంగతీ, నిమ్మకాయల సంగతీ, తన సంతకం సంగతీ, ఏదీ దాచకుండా చెప్పింది. "దాన్ని ఆపాలమ్మా. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను."

మగ్దలీనమ్మ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఆపితే నీకూ ఉండదు తల్లీ. విచారణంటారు, సంతకం నీదంటారు. మళ్లీ వొస్తాదో రాదో చెప్పలేను. అంతవరకూ నిన్ను నేను తీసుకోలేను."

"తెలుసునమ్మా."

"ఇంటికెట్టా పోతావు మరి?"

ఉషారాణి కిటికీవైపు చూసింది. కిటికీ అవతల వార్డులో ఎవరో రోగిని తప్పుగా, భుజం పట్టి లాగి, పక్క మారుస్తున్నారు. లేచి వెళ్లి సరిచేయాలని చేతులు ఉబలాటపడ్డాయి. వాటిని ఒడిలో అదిమిపెట్టుకున్నది.

"నిన్న చేసిన ఫోను ఇంకొక్కసారి చేయండమ్మా."

మగ్దలీనమ్మ ఆమెను తేరిపార చూసి, నంబరు నొక్కి, ఫోను ఆమె ముందుకు జరిపింది. మోగింది. అవతల ఎవరో కేకవేశారు. చెప్పుల టపటపలు పరుగెత్తుకొచ్చాయి.

"చెప్పండి మేడం. నేను ఉషారాణిని."

"పెంచలమ్మా, చేతిలో సూదుంటే కింద పెట్టు తల్లీ. ఉషారాణిని నేను."