తడి బట్ట దాచిన పెట్టె

నేను ఒక వేపచెక్క పెట్టెను. రేపల్లెలో నన్ను చేసిన వడ్రంగి భద్రాచారి మూత బిగించి చూసి, "దీంట్లోకి పురుగు కాదు గదా, పురుగు తాత కూడా దూరలేడు" అని మీసం తిప్పాడు. నిజమే, ఇంతవరకూ నాలోకి పురుగు రాలేదు. వచ్చిన చేటంతా మనుషుల చేతుల మీదుగానే వచ్చింది.

మొదట ఒక బట్టల షావుకారు నన్ను కొని, అమ్ముడుపోని పట్టుచీరలు నాలో దాచాడు. వాటిని భార్యను కట్టుకోనివ్వలేదు, తక్కువకు అమ్మనూ లేదు. దాచుకోవడమంటే మనుషులకు మహా ఇష్టం. ఎందుకయ్యా అని అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు. ఆ కొట్టు మూతబడ్డాక నాటకాల రాఘవయ్య నన్ను తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఊరూరా పద్యనాటకాలాడే చిన్న కంపెనీ ఆయనది. రాక్షసుడి వేషాలన్నీ ఆయనవే గానీ, ఇంట్లో పిల్లిని కూడా అదిలించడు. డ్రస్సులు కుట్టేదీ దాచేదీ ఆయన భార్య పేరిందేవి.

నాటకాలుండని వానాకాలాల్లో కూర్చుని ఆమె కూతురు హైమ కోసం ఒక రాణి గౌను కుట్టింది. నీలం ముఖమల్ గుడ్డ, దాని నిండా చేత్తో కుట్టిన జరీ లతలు, వెనక నేల మీద జీరాడే పొడవాటి అంచు. హైమ అది తొడుక్కుని స్టేజీ ఎక్కితే ముందు వరసలో బీడీలు కాల్చేవాళ్లు కూడా కాల్చడం మరిచిపోయేవారట. నేను చూడలేదు, విన్నదే చెబుతున్నాను.

దాన్ని దాచడం ఆ ఇంట్లో ఒక నోములాగా సాగేది. నాటకం అవగానే చెమట డ్రస్సు పెట్టెలో పడకూడదు. నీడన దండెం మీద ఆరాలి. ఆరాక పాత పంచెలో చుట్టి, పురుగు పట్టకుండా పక్కన వసకొమ్ములు వేసి నాలో పడుకోబెట్టాలి. ప్రతి అమావాస్యకూ తీసి మడత మార్చాలి, లేకపోతే మడత పడ్డచోటే జరీ విరుగుతుంది. ఎవరైనా బద్ధకించి తడి డ్రస్సు తెచ్చి పడేస్తే పేరిందేవి శివాలెత్తేది. "తడిబట్ట పెట్టెలో పెట్టడమూ, శవాన్ని ఇంట్లో దాచుకోవడమూ ఒకటేరా, సన్నాసీ!" అనేది.

ఒక ఎండాకాలం హైమకు జ్వరం తగిలింది. పందిరి వేసేశారు, జనం వచ్చేశారు, నాటకం ఆపడం కుదరదన్నారు. చివరి ఘట్టంలో రాణి కుప్పకూలితే, నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆస్పత్రికి చేరేలోపే పిల్ల ప్రాణం పోయింది.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. వేషంలో పోయిన మనిషి డ్రస్సును సంవత్సరీకం దాకా ఇంకొకరు తొడగకూడదు. తొడగొద్దన్నారు గానీ ఆరేయొద్దని ఎవరూ అనలేదు. పేరిందేవి చెమటకు తడిసిన ఆ గౌను ఒళ్లో పెట్టుకుని వదల్లేదు.

"ఇటియ్యవే, దండెం మీద ఆరేద్దాం" అన్నాడు రాఘవయ్య.

"ఆరేస్తే పిల్ల వాసన పోద్దయ్యా."

"అందరికీ చెప్పేదానివి నువ్వే గదంటే!"

"చెప్పాను. ఇప్పుడు చెప్పట్లా. ఇది దాని చెమట. గాలికి పోతే మళ్లీ యాడ దొరుకుద్ది నాకు?"

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఆ తడి గౌనును మడిచి, గాలి చొరబడకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, నాలో పెట్టి తాళం వేసింది.

పెట్టెకు ముక్కెక్కడిదని మీరు నవ్వొచ్చు. చెక్కకు ఒళ్లంతా ముక్కే. కవరు మడతల సందుల్లోంచి మొదట్లో నాకు హైమ తెలిసేది. మొహానికి రాసుకున్న పౌడరు, తల్లోని మల్లెలు, జ్వరం చెమట. నెల తిరక్కుండానే అది పోయింది. తర్వాత బూజు మొదలైంది. జరీ నల్లబడింది. ముఖమల్ పాచిపట్టి మెత్తబడింది. అరవడానికి నాకు నోరు లేకపోయింది. అమావాస్య వచ్చినప్పుడల్లా పేరిందేవి వచ్చి నా మూత మీద చెంప ఆనించి కూర్చునేది. తాళం తీసేది కాదు. తీస్తే ఆ ఉన్న కాస్తా పోతుందని ఆమె భయం. పోవడానికి లోపల ఏమీ లేదని ఆమెకెవరు చెబుతారు?

సంవత్సరీకం నాడు తీసింది. కవరు విప్పి, గౌనులో ముఖం పెట్టుకుంది. రాఘవయ్య దగ్గరికొచ్చి తానూ వాసన చూశాడు.

"ఉందే. మన పిల్ల వాసన ఉంది" అన్నాడు.

"నా దగ్గర వేషాలెందుకయ్యా?" అంది ఆమె. పైకెత్తబోతే గౌను నడుం దగ్గర తడిసిన కాగితంలా చిరిగి, కింది సగం నాలోనే ఉండిపోయింది. ఆమె చేతిలోని ముక్క వంక చూసి, భర్త వంక చూసింది.

"ఆరేద్దామన్నావు గదా ఆయాల! ఊరూరా తిరిగి గద తిప్పేవోడివి, నా చేతిలో తడిగుడ్డ లాక్కోలేకపోయావా? ఓ దెబ్బేసన్నా లాక్కోలేకపోయావా?"

ఎన్ని పద్యాలో నోటికి వచ్చిన మనిషి. వంగి, నాలో మిగిలిపోయిన సగాన్ని పైకి తీయసాగాడు.

ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్టు ముందు, మూత తెరుచుకుని ఎండలో పడి ఉన్నాను. చెక్క గట్టిదేనని అందరూ మెచ్చుకుంటారు. దగ్గరికొచ్చి తొంగిచూసి, ముక్కు మూసుకుని వెళ్లిపోతారు. కొట్టువాడు ఫినాయిలు పోసి కడిగాడు, బొగ్గులు వేసి చూశాడు. ఆ తల్లికి కావలసిన వాసన నెలయినా నిలవలేదు. ఎవరికీ అక్కర్లేని ఈ వాసన మాత్రం ఏం చేసినా పోవడం లేదు.