కానుకల సంచిలో ఫోన్లు

మా ఆయన కృపానందం భవానీపురంలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నారు. ఆ ఆదివారం పటమట చర్చి మెట్ల మీద తీయబోయే ఫోటోయే తన ఆఖరిదని ముందే నాతో చెప్పారు. సోమవారం నుంచి ఇబ్రహీంపట్నంలో ఒక గోడౌన్‌కి వాచ్‌మన్‌గా వెళ్తానని మాటిచ్చేశారు. నేను వద్దనలేదు. పాస్‌పోర్టు ఫోటోలకి తప్ప స్టూడియోకి మనుషులు రావడం మానేసి రెండేళ్లయింది. ఇచ్చిన పనిని దేవుడే వెనక్కి తీసుకుంటాడా అని మాత్రం ప్రార్థనలో అడిగాను.

ఆ రోజు మరియదాసు గారికీ అమలమ్మ గారికీ పెళ్లయి యాభై ఏళ్లు. పూజ అయ్యాక నలభై మంది బంధువులు మెట్ల మీద నిలబడ్డారు.

"అందరూ ఒకవైపు చూసే ఫోటో ఒక్కటి తియ్యవయ్యా. గోడకి పెట్టుకుంటాను" అన్నారు మరియదాసు గారు.

మా ఆయన స్టాండు మీద కెమెరా బిగించారు. ఇంతలో ఎడమవైపు నుంచి ఒక అల్లుడు ఫోను పట్టుకుని "ఇటు, ఇటు" అన్నాడు. కుడివైపు నుంచి ఎవరో "పెద్దమ్మా, ఇక్కడ" అన్నారు. వెనక వరసలో వాళ్లు చేతులు పైకెత్తి తమని తామే తీసుకుంటున్నారు. ఫాదర్ గారు కూడా ఫోను పట్టుకుని ఒక కన్ను మూశారు. మా ఆయన ఆరు ఫోటోలు తీశారు. ఆరింటిలోనూ తలో దిక్కు చూస్తున్నారు.

వాళ్ల మనవరాలు సుస్మిత వచ్చి కెమెరాలో చూసి నవ్వింది. "వదిలేయండంకుల్. ఒక ఫోటోలో మొహం తీసి ఇంకోదాంట్లోకి నా ఫోన్లోనే మార్చేస్తాను."

"పెట్టొచ్చమ్మా. కానీ అందరూ నిజంగా ఒకవైపు చూసింది లేదు కదా."

"లేదని ఎవరికి తెలుస్తుంది?"

"మీ తాతగారికి. గోడవైపు చూసినప్పుడల్లా."

మా ఆయన లోపలికి వెళ్లి పూజలో కానుకలు పట్టే సంచి ఖాళీగా ఉంటే తెచ్చి నా చేతికిచ్చారు. "శౌరీ, వరస వరసకీ పట్టు. ఫోన్లు ఇందులో వెయ్యమను."

"దేవుడి సంచండీ. తప్పు కాదూ?"

"ఫాదర్ గారినే అడుగు."

ఫాదర్ గారు సంచిని చూశారు, తన ఫోన్ని చూసుకున్నారు, వేసేశారు. "ఇష్టమైనదేగా కానుకగా ఇవ్వాలి" అన్నారు. ఆ పైన ఎవరూ కాదనలేకపోయారు. బంధువుల్లో ఫోను లేని సంపూర్ణమ్మ గారు, సంచి ఎదురుగా వచ్చేసరికి అలవాటుగా కొంగుముడి విప్పి నోటు వేశారు.

"అత్తా, ఆ నోటుకి సిగ్నల్ వస్తదా?" అన్నాడు అల్లుడు. అందరూ నవ్వారు.

బరువెక్కిన సంచిని మా ఆయన చెప్పినట్టే లెన్సు కింద పట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి అందులో ఒక ఫోను మోగింది. తమదేమోనని నలభై మందీ ఒక్కసారే ఇటు చూశారు. ఇంకా ఆరని నవ్వు మొహాల్లో అలాగే ఉంది. మా ఆయన నొక్కేశారు. ఆయన రెండో చెయ్యి జేబులో, సంచిలో వెయ్యని తన ఫోను మీద ఉంది. ఫాదర్ గారి నంబరుకి ఫోను చేసింది ఆయనే.

మరియదాసు గారు కెమెరాలో ఆ ఫోటో చాలాసేపు చూశారు. "మా అమలమ్మ పళ్లు కనిపించేలా నవ్వింది చూడవయ్యా" అన్నారు.

సుస్మిత మా ఆయన పక్కకి వచ్చింది. "అంకుల్, వచ్చే నెల నా నిశ్చితార్థం. ఫోటోలు ఫ్రెండ్సే తీస్తారు. అందరినీ ఇలా నిలబెట్టి నవ్వించడానికి మీరు రావాలి."

"కెమెరా తేవద్దా?"

"తెండి. గోడకి పెట్టేది మాత్రం మీరే తియ్యాలి."

మా ఆయన పక్కకి వెళ్లి గోడౌన్‌కి ఫోను చేశారు. "సోమవారం రాలేనండీ. ఒంట్లో బాగానే ఉందండీ. పని దొరికింది."

"ఒక్క ఫంక్షనేగా, అప్పుడే చెప్పేశారేంటి?" అన్నాను.

"మొదట్లోనూ ఒక్కదాంతోనే కదా మొదలెట్టాం" అని భోజనాల వైపు నడిచారు.