కోరుట్ల టెంటులో మోషే

చందుర్తి బక్కయ్యకు మైకంటే ప్రాణం. ఆ మాట ఆయన ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే మనకేం పోయింది! వాడలోని రేకుల చర్చిలో పట్టుమని పది కుటుంబాల ముందు కథ చెప్పేటప్పుడు కూడా పిడికిలి మూతి దగ్గర పెట్టుకునేవాడు, మైకు పట్టుకున్నట్టు. బైబిలు కథలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నాయనమ్మ నోటి నుంచి దిగిన కథలవి. కాళ్ళకు గజ్జెలు కట్టి, భుజాన గొంగడి వేసి నిలబడ్డాడంటే ఇక పుస్తకంతో పనిలేదు. ఆదామును తోటలోంచి వెళ్ళగొట్టే చోట నిజంగా ఏడుస్తాడు. నోవహు ఓడలోకి కోతులెక్కే చోట కోతే అవుతాడు.

ఈ కథ చెప్పడానికో పద్ధతుంది. కథకుడి వెనక ఒకరు తాళాలు పట్టుకుని కూర్చుని ఊ కొట్టాలి. అది మర్యాదకు కొట్టే ఊ కాదు. కథ సరిగ్గా నడిస్తేనే ఊ. మాట తప్పితే ఊ ఉండదు. ఊ రాకపోతే కథకుడు తప్పిన చోటికి వెనక్కి పోయి మళ్ళీ ఎత్తుకోవాలి. చదువు లేని ముసలివాళ్ళు కథ చెడకుండా కాపాడుకున్న తీరు అది. బక్కయ్యకు ఊ కొట్టేది ఆయన భార్య లసుమవ్వ. సిరిసిల్ల ఆడబిడ్డ. ఇంట్లో అయితే ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఊ కొడుతుంది. మొగుడు కథలో ఐగుప్తు దేశం మీదికి కప్పల కంటే ముందు ఈగలను తోలాడంటే చాలు, చేతిలో ఆకు ఆగిపోతుంది, నోరు మూతపడుతుంది. పెళ్ళయిన నాటి నుంచి బక్కయ్య నాలుక ఆ ఊకు అలవాటు పడిపోయింది.

ఆయన మనసులో ఒకే ఒక్క కొరత. ఊరివాళ్ళు ఎన్నడూ ఆయన కథ అడగలేదు. పెళ్ళికీ చావుకీ డప్పు కావాలంటే వాడకు కబురొచ్చేది, కథ కావాలని రాలేదు. పంచాయతీ ఆఫీసు ముందర స్టేజీ వేసి ఎవరెవరో కథలు చెప్పిపోయారు. బక్కయ్య కింద నిలబడి విని, “గీనికి గొంతే లేదు” అని పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చేవాడు. ఒక్కసారి, అందరూ చూస్తుండగా, ‘కళాకారుడు బక్కయ్య’ అనిపించుకోవాలి. అంతే.

అంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. కోరుట్లలో పెద్దరోడ్డు పక్కన టెంటు వేసి, రోజుకో కులమో సంఘమో వంతున దీక్షలో కూర్చుంటున్నారు. మంగలివాళ్ళు నడిరోడ్డు మీద గడ్డాలు గీసి నిరసన చెప్పారు. వకీళ్ళు నల్లకోట్లతో కబడ్డీ ఆడితే, ఒకాయన కాలు బెణకగొట్టుకున్నాడు. మాకు వంతు రాలేదేమని అలిగిన సంఘాలు కూడా ఉన్నాయి. క్రైస్తవుల వంతు వచ్చేసరికి పోరాట కమిటీ కన్వీనరు చంద్రమౌళికి ఎవరో బక్కయ్య పేరు చెప్పారు.

చంద్రమౌళిది ఎరువుల దుకాణం. ఉద్యమం ఊపందుకోగానే దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, తాను మైకు పట్టుకున్నాడు. పొద్దున ఇంట్లో కడుపునిండా ఉప్పుడుపిండి తిని వచ్చి, సాయంత్రం దాకా నిరాహారంగా ఉండేవాడు. రాబోయే రాష్ట్రానికి రాబోయే ఎమ్మెల్యే తానేనని ఆయనకు ఎటువంటి సందేహమూ లేదు. అంతకుముందు ఎవరినైనా ఏరా అని పిలిచే మనిషి, ఇప్పుడు దారిన పోయే ప్రతివాడినీ అన్నా అంటున్నాడు.

బక్కయ్యను పిలిపించుకుని, బానిస జనం ఐగుప్తు నుంచి బయటపడిన నిర్గమ కథ విన్నాడు. ఐగుప్తు రాజు ఫరో ఆ జనంతో ఇటుకలు చేయించడం, గడ్డి ఇవ్వకుండానే ఇటుకల లెక్క తగ్గొద్దనడం వినేసరికి చంద్రమౌళి కుర్చీలో నిలవలేకపోయాడు.

“అరె బక్కన్నా, గిది మన ముచ్చటనే గదనే! గా మోషే ఎవలు?”

“నాయకుడు సార్. జనాన్ని తోలుకపోయినోడు.”

“గట్లనా!” అని చంద్రమౌళి మీసం దువ్వుకున్నాడు. “అయితె నువ్వు కథ జెప్పు, నేను కర్ర పట్టుకొని మోషే లెక్క స్టేజి మీద నిలవడ్త. ఆఖరుకు దేవుడు ఇస్తనన్న గా దేశం వస్తది గదా?”

బక్కయ్య నసిగాడు. “వస్తది సార్. గని మోషే దాంట్లకు పోడు. నదికి గీ పక్కనే కొండెక్కి, దూరంకెళ్ళి సూసి, పానమిడుస్తడు.”

చంద్రమౌళి ముఖం మాడిపోయింది. “ఇదేం కథనే? గింత కష్టపడ్డోనికి టికెట్ ఇయ్యలేదా?”

“దేవుడు ఇయ్యలే సార్.”

“అయితె నువ్వియ్యి. నది దాటియ్యి, గద్దె మీద కూసోబెట్టు. గంతే గదా! నా మాట వింటె వచ్చే ఆయితారం జగిత్యాల సభల నీ కథ పెడ్త. ‘కళాకారుడు బక్కయ్య’ అని ఫ్లెక్సీ కొట్టిస్త.”

ఫ్లెక్సీ! ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్న మాటను ఆ మనిషి ఎట్లా పసిగట్టాడో ఏమో, బక్కయ్య గుండె గంతులేసింది. అడ్డంగా ఊపాల్సిన తల నిలువుగా ఊపి వచ్చాడు.

ఇంటికొచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. “లసుమా, చివర్ల జర మార్సాలె. మోషే నది దాటుతడు.”

లసుమవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ తలెత్తలేదు. “ఎవ్వలు జెప్పిండ్రు? యెహోవానా?”

“చంద్రమౌళి సారు.”

“అబ్బో! గంత పెద్దోడెప్పుడైండు?”

“ఒక్కసారికి ఊ కొట్టవే. నీ కాళ్ళు మొక్కుత. మనల్ని ఎన్నడన్న ఎవ్వలన్న పిలిసిండ్రా? గిప్పుడు పిలిసిండ్రు. గీ మోక మళ్ళ రాదు.”

మొగుడి గొంతులో ఆశ విని లసుమవ్వకు జాలేసింది. అయినా మాట మార్చుకోలేదు. “తాళాలు గొడ్త, పక్కకు కూసుంట, ఏమన్న జేస్త. గని లేని ముచ్చటకు ఊ మాత్రం నా నోట్లకెళ్ళి రాదు. మీ నాయనమ్మకు మాటిచ్చిన.”

అంతమంది ముందు బిత్తరపోయి ఆమే ఊ కొడుతుందిలే అని బక్కయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ రోజు టెంటు కిటకిటలాడింది. సమ్మెలో ఉన్న పంతుళ్ళు, కండక్టర్లు, బీడీలమ్మలు, వచ్చేపోయేవాళ్ళు. ముందు వరసలో కుర్చీ వేసి పెగడపల్లి మల్లవ్వను కూర్చోబెట్టారు. రాష్ట్రం కోసమని ప్రాణం తీసుకున్న పిల్లవాడి తల్లి. వ్యవసాయం చేసుకునే ఇల్లు, భర్త దుబాయిలో. ఎక్కడ సభ జరిగినా ఆమె కోసం జీపు పంపుతారు. మైకులో ‘అమరవీరుని తల్లి’ అంటారు, శాలువా కప్పుతారు, చప్పట్లు కొడతారు, ఆపైన మరిచిపోతారు. ఎండ ముఖం మీద పడుతుంటే ఆమె ఆ శాలువానే నెత్తిన కప్పుకుంది.

బక్కయ్య కథ ఎత్తుకున్నాడు. ఆహా, ఏం చెప్పాడు! ఇటుకల చోట కూలివాళ్ళు నడుములు పట్టుకున్నారు. కప్పల చోట జనం కాళ్ళు పైకెత్తుకున్నారు. సముద్రం దగ్గర, గొంగడి కప్పుకుని మోషేగా నిలబడ్డ చంద్రమౌళి కర్రతో స్టేజీని దభీమని కొట్టగానే “జై తెలంగాణ” అని టెంటు ఎగిరిపోయేటట్టు అరిచారు. వెనక నుంచి లసుమవ్వ ఊ గడియారంలా పడుతోంది. ఎడారి వచ్చింది. దారి పొడవునా ఎందరో రాలిపోయారు, జనం సణిగారు. “ఐగుప్తులనే నయముండె, ఉల్లిగడ్డలన్న దొరుకుతుండె!” అని బక్కయ్య మూతి వంకర తిప్పితే పంతుళ్ళు కూడా పగలబడి నవ్వారు.

యొర్దాను నది వచ్చింది. బక్కయ్య గొంతు తడుపుకున్నాడు.

“మోషే నది దాటిండు...”

చంద్రమౌళి గొంగడి ఎగేసుకుని స్టేజీ అటు చివరికి దర్జాగా నడిచాడు. వెనక నుంచి ఊ రాలేదు. బక్కయ్య నాలుక అలవాటు కొద్దీ వెనక్కి పోయింది. “మోషే నది ఒడ్డుకు వచ్చిండు...” ఊ పడింది. మోషే ఒడ్డునే ఉన్నాడు కనుక చంద్రమౌళి చేసేది లేక ఇటు చివరికి తిరిగొచ్చాడు. “మోషే నది దాటిండు!” అని బక్కయ్య ఈసారి గట్టిగా అన్నాడు. చంద్రమౌళి మళ్ళీ దాటాడు. ఊ లేదు. “మోషే నది ఒడ్డుకు వచ్చిండు...” చంద్రమౌళి మళ్ళీ వెనక్కి.

“బస్సులు బంద్ గదా, గందుకే అటిటు నడుస్తుండు!” అని ఎవరో కండక్టరు అరిచాడు. టెంటంతా నవ్వు. చంద్రమౌళి పళ్ళ సందులోంచి, “దాటియ్యవేందిరా” అన్నాడు. అన్న పోయి రా వచ్చింది.

బక్కయ్య దాటించాలనే చూస్తున్నాడు పాపం. కానీ దాటించాక మోషే ఏం చేస్తాడు? తర్వాతి కథ ‘మోషే సచ్చినంక’ అని మొదలవుతుంది. చావని మోషేతో ముందుకు పోయే దారి నాయనమ్మ నేర్పలేదు. వెనక్కి తిరిగి లసుమవ్వను చూశాడు. ఆమె కళ్ళలో కోపం లేదు, నీళ్ళున్నాయి. ఆయనకు సిగ్గేసింది. ఏం పనిరా ఇది నేను చేస్తున్నది అనుకున్నాడు.

“మోషే కొండెక్కిండు,” అన్నాడు.

ఊ పడింది. కొండ అనగానే చంద్రమౌళి సంబరంగా కుర్చీ ఎక్కాడు. “దేవుడు దేశమంత సూపెట్టిండు. చెట్లు సూపెట్టిండు, నీళ్ళు సూపెట్టిండు.” చంద్రమౌళి కంటికి చెయ్యి అడ్డం పెట్టి కోరుట్లంతా చూశాడు. “సూసిండు. కడుపునిండ సూసిండు. గని అడుగు పెట్టలే. గక్కన్నే మోషే సచ్చిండు.”

“ఊ,” అంది లసుమవ్వ.

నవ్వులు ఆగిపోయాయి. కుర్చీ మీది చంద్రమౌళికి దిగాలో పడుకోవాలో తోచలేదు. అప్పుడు ముందు వరసలోంచి మల్లవ్వ ఏడుపు వినబడింది. సభల్లో కళ్ళు తుడుచుకునే ఏడుపు కాదు, గొంతు విప్పి ఏడ్చింది. చుట్టూ ఉన్న బీడీలమ్మలు ఆమెను పట్టుకుని ఏడ్చారు. చంద్రమౌళి సైగ చేయగానే ఎవరో మైకు కట్ చేశారు. మైకంటే ప్రాణమిచ్చే బక్కయ్య ఆ సంగతి గమనించనే లేదు. ఒట్టి గొంతుతో కథ ముగించాడు.

జనం పోయాక, తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాడు. కానీ చంద్రమౌళి నవ్వుతూ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“బక్కన్నా, మరి ఆఖరుకు నది దాటినోడు ఎవడు?”

“యెహోషువ సార్. మోషే ఎన్క తిరిగినోడు.”

“గాయన సస్తడా?”

“ముసలోడయ్యి సస్తడు. ముందుగాల దేశమంత గెలిసి, అందరికి భూములు పంచుతడు.”

“గది ముందుగాల జెప్పవేందే! జగిత్యాలల నేను యెహోషువ. మోషే వేషం ఎవనికన్న ముసలోనికిద్దాం. జల్ది సంపెయ్యి. కథల ఒక్క మాట మార్సే పని లేదు, మీ ఇంటామె ఊ కొడ్తది. ఫ్లెక్సీ పక్కా. దా, జీపెక్కు, గిప్పుడే ఫోటో తీపిద్దాం.”

బక్కయ్యకు నిజంగానే ఆశ పుట్టింది. అబద్ధం లేదు, లసుమ అలగదు, పేరు పెద్దక్షరాల్లో పడుతుంది. ఇంకేం కావాలి! గజ్జెలు విప్పకుండానే జీపు వైపు రెండడుగులు వేశాడు. జీపు పక్కనే మల్లవ్వ నిలబడి ఉంది.

“ఎక్కు అవ్వా, ఇంటికాడ దింపుత. ఆయితారం జగిత్యాలకు గూడ నువ్వు రావాలె,” అన్నాడు చంద్రమౌళి.

ఆమె ఎక్కలేదు. “మోషే నువ్వే ఐతివి, యెహోషువ నువ్వే ఐతివి. మరి నడుమల గా ఎడారిల రాలిపోయిన పోరగాండ్ల వేషం ఎవ్వలకిచ్చినవ్ సారూ?”

చంద్రమౌళి వాచీ చూసుకున్నాడు. “గదంత పెడితె మస్తు పొడుగైతదవ్వా. గంత టైముండది.”

బక్కయ్య కాళ్ళు ఆగిపోయాయి. డ్రైవరు హారన్ కొట్టాడు, రమ్మని చెయ్యి ఊపాడు. ఆయన అక్కడే నేల మీద కూర్చుని గజ్జెలు విప్పసాగాడు. లసుమవ్వ వచ్చి పక్కన కూర్చుంది. జీపు కాసేపు చూసి, చంద్రమౌళిని మాత్రం ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

పొద్దటి నుంచి ఆ టెంటులో అమరవీరుడనే మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఎవరూ అడగని మాట ఒకటి మిగిలిపోయింది.

“నీ కొడుకు పేరేంది చెల్లె?” అని అడిగాడు బక్కయ్య.

మల్లవ్వ శాలువా తీసి పక్కన పెట్టి, వాళ్ళ ఎదురుగా కూర్చుంది.

“మహేందర్ అన్నా,” అంది. “చిన్నప్పుడు మస్తు అల్లరి జేసెటోడు.”