ఖాళీ తీరం

ఎవరూ కనబడనంత మాత్రాన చోటు ఖాళీ అయిపోతుందా? మీరే చెప్పండి.

సింగపూర్ యీషున్‌లో యోగిత వాళ్ల బ్లాకు కింది కాఫీషాపులో మాత్రం అవదు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఎవరో చోప్ చేసుకున్నట్టే, అంటే ముందే పట్టుకున్నట్టే. దాన్ని పక్కకు నెట్టి "ఖాళీయే కదా" అన్నారో, ప్లాస్టిక్ కుర్చీ జానెడు పైకి లేచి, మనిషిని మోసుకెళ్లి ఎంగిలి ట్రేలు పెట్టే చోట దింపుతుంది. తింటున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిస్తారు, అంతే.

ఆ శనివారం డిబేట్ జట్టు అక్కడే కూర్చుంది. మర్నాడే ఫైనల్. గ్రీకుల వలసలు స్థానికులకు మేలు చేశాయని వాదించాలి. ఆఖరున మాట్లాడేది యోగిత, నవనీత్‌లలో ఒక్కరే.

"నేను రాసిచ్చింది దాటారంటే రేపు ఇంట్లోనే," అంది కోచ్ నిఖిల.

యోగిత కోపీ కప్పు పక్కకు జరిపి అందుకుంది. "గ్రీకులు సిసిలీలో దిగేనాటికి ఆ తీరమంతా ఖాళీ..."

కుర్చీ లేచింది.

"వెళ్లిరా. నీ నూడుల్స్ నేను చూసుకుంటా లా," నవనీత్ సింగపూర్ యాసలో అంటూ చెయ్యూపాడు.

పక్క బల్ల దగ్గర ఇడియాప్పం తింటున్న యోగిత నాయనమ్మ కుమారమ్మ తలెత్తింది. "ఎవరి నెత్తిన కూర్చున్నావే?"

"అక్కడ టిష్యూ ఏం లేదు నాయనమ్మా."

"అప్పట్లో టిష్యూలెక్కడివే? పొయ్యి వెలిగించుకుని ఉంటారు."

యోగితకు చురుక్కుమంది. అక్కడ మనుషులున్నారని చదివింది, కావాలనే వదిలేసింది. ట్రేల పక్కన దిగగానే గొంతెత్తింది. "అక్కడ సికెల్ జనం ఉన్నారు. సిరక్యూజ్‌లో వాళ్లను తరిమేసి గ్రీకులు ఊరు కట్టారు. ఆ దగ్గర్లోనే, నిలవనీడ లేక తిరుగుతున్న మెగారా గ్రీకులకు సికెల్ రాజు హిబ్లాన్ తానే చోటిచ్చాడు. మేలంటూ జరిగితే ముందు చేసింది స్థానికులు, పొందింది గ్రీకులు."



"అది మన వాదం కాదు," అంది నిఖిల.

"అయితే ఇంట్లోనే కూర్చుంటా నిఖిలక్కా. ఒకళ్ల నెత్తిన మాత్రం కూర్చోను."

"ఖాళీ అని నేను ఊరికే రాశానా? ఆ తీరం నిజంగా ఖాళీ..."

నిఖిల కుర్చీ కూడా లేచింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తేలుతూ వచ్చి యోగిత పక్కన దిగింది.

"రేపు ఆఖరున నువ్వే," అంది. "హిబ్లాన్ సంగతి నాకు మళ్లీ చెప్పు. ఖాళీ తీరం అన్న మొదలు కూడా మార్చేద్దాం."

వింటున్న మీకూ ఒక మాట. మీ ఇంటి కింద, మీ ఆఫీసు కింద, మీ ఊరి కింద ముందు ఎవరి పొయ్యి వెలిగిందో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఇవాళే వెళ్లి అడగండి. ఆ పొయ్యి వెలిగించినవాళ్ల పేర్లు నేర్చుకుని, పదిమందిలో పైకి చెప్పండి.