సి షిఫ్టు నిద్ర

కుక్కరు బుస్సుమనడం మొదలవగానే సత్యశ్రీ గరిటె కాడతో విజిల్ని ఇంత పైకెత్తి పట్టుకుంది. ఆవిరి గొడవ చేయకుండా పక్కకి పోయింది. ఇలా ఇంకో మూడుసార్లు పడితే పప్పు ఉడుకుతుంది, కూత మాత్రం బయటికి రాదు. పన్నెండేళ్ల పనితనం మరి, ఊరికే వస్తుందా! లోపలి గదిలో మొగుడు అప్పలసూరి పడుకున్నాడు. రాత్రంతా స్టీలు ప్లాంటులో సి షిఫ్టు చేసి, పొద్దున్న ఏడింటికి గాజువాకలో ఇంటికి చేరాడు. సి షిఫ్టు వారమంటే ఆ ఇంట్లో గిన్నె గిన్నెకి తగలకూడదు, కుళాయి కింద బిందె మోగకూడదు. బడికెళ్లే పాప కూడా చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటుతుంది.

ఆమె ఎడమచేతిలో నోట్సు ఉంది. పదకొండింటికి డెమో క్లాసు. ఆటోనగర్ దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం. ఎం.ఏ. చదివాక ఇన్నేళ్లకి వచ్చిన మొదటి పిలుపు. అరగంటలో కథలో దృష్టికోణం గురించి చెప్పాలి, పిల్లలకి అర్థమైతే సోమవారం చేరిపోవచ్చు అన్నారు. వస్తువు, పాత్రచిత్రణ, సంఘర్షణ, దృష్టికోణం, అన్నీ వచ్చు. వచ్చనే అనుకుంటోంది. ఒక్కసారి పైకి చెప్పి చూసుకుంటే కదా తెలిసేది! ఎక్కడ చెబుతుంది? రాత్రి అతను డ్యూటీకి వెళ్తే అత్తగారూ పాపా పడుకుంటారు, పగలు అతను పడుకుంటాడు. పెదాలు కదుపుతూ చదువుతుంటే చదివింది చదివినట్టే జారిపోతోంది. సంఘర్షణ లేనిదే కథ లేదని నోట్సులో ఉంది. ఈ ఇంట్లో సంఘర్షణ ఎప్పుడు జరిగిందో ఆమెకి గుర్తే లేదు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి గిన్నెలు తోముకుంటూ పాడింది. అప్పలసూరి లేచి వచ్చాడు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. "రాత్రంతా ఫర్నేసు కాడ ఒళ్లు కాల్సుకుంటన్నాను. ఓ నాలుగ్గంటలు తొంగోనివ్వవేటి?" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి పాపం. అందులో అబద్ధం లేదు. ఆ రోజు తగ్గించిన గొంతు మళ్లీ పెంచింది లేదు. ఎ షిఫ్టు వారంలోనూ గుసగుసే, బి షిఫ్టు వారంలోనూ గుసగుసే. మూడు షిఫ్టులకీ అన్నం వండే మనిషిది ఏ షిఫ్టో ఎవరూ చెప్పలేదు.

అత్తగారు సన్యాసమ్మ వీధి అరుగు మీద బియ్యం ఏరుతోంది. "ఇయాలే ఎల్లాలేటి? ఆడు లేసి అన్నమంటే ఎవలు పెడతారు?" అంది. అన్నీ మూతపెట్టి ఉంచానని సత్యశ్రీ నెమ్మదిగా చెప్పింది. గేటు చప్పుడు చేయకుండా వేసి వెళ్లమంది అత్తగారు. షేరు ఆటోలో, ఇంజను మోతలో, ఒక్క ముక్క పైకి అని చూసుకుందామనుకుంది. "దృష్టి" అనేసరికి పక్కావిడ ఇటు తిరిగింది. మిగతాది మింగేసింది.

క్లాసులో నలభైమంది పిల్లలు. చివరి బెంచీలో కాలేజీ కరస్పాండెంటు గురునాథరావు. మొదలు బాగానే పెట్టింది. కథని ఎవరి కళ్లతో చూస్తున్నామో అదే దృష్టికోణం అంది. అప్పుడు చూసింది, గురునాథరావు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అంతే. ఆమె గొంతు దానంతటదే దిగిపోయింది. కాళ్లు మునివేళ్ల మీదికి వచ్చేశాయి. మూడో బెంచీలో ధనశ్రీ అనే అమ్మాయి బెంచీ కిర్రుమని జరిపింది. సత్యశ్రీ పెదాల మీద వేలు పెట్టి, "ష్! లేస్తారు" అంది.

క్లాసు ఒక్క క్షణం ఆగి గొల్లుమంది. గురునాథరావు కళ్లు తెరిచాడు.

"నిద్రపోలేదమ్మా, కళ్లు మూసుకుని వింటున్నాను. మీ మాటే వినపడటం లేదు."

ఉద్యోగం పోయింది, పరువూ పోయింది, పారిపోదామనుకుంది. తలుపు పది అడుగుల్లో ఉంది. కాని ఇక్కణ్ణుంచి పారిపోతే వెళ్లాల్సింది ఆ ఇంటికే, ఆ గరిటె కాడ దగ్గరికే. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎందుకలా అన్నానో చెబుతాను" అంది. ఒక ఇల్లు, రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి, వంటింట్లో విజిల్ పైకెత్తి పట్టుకున్న అతని భార్య. మొత్తం చెప్పింది. ఈ కథ అతను చెబితే ఎలా ఉంటుందని అడిగింది. ఎంత కష్టపడినా కంటినిండా నిద్ర లేదంటాడు అన్నాడో కుర్రాడు. అతని తల్లి చెబితే? కొడుకు చిక్కిపోతున్నాడంటుంది. మరి విజిల్ పట్టుకున్నావిడ చెబితే? ఎవరూ నవ్వలేదు. ధనశ్రీ లేచి నిలబడింది.

"ఆవిడ ఎప్పుడు తొంగుంటాదో ఎవలూ అడగలేదని సెప్తాది మేడమ్. మాయమ్మకీ అంతే."

"అదే దృష్టికోణం" అంది సత్యశ్రీ. ఆ మాట వెనక గోడ దాకా వెళ్లింది. అది తనదేనా అని ఆమెకే భయం వేసింది. మిగతా పాఠమంతా ఆ గొంతుతోనే చెప్పింది. సోమవారం తొమ్మిదింటికి వచ్చేయమన్నాడు గురునాథరావు. మొదటి పాఠం సంఘర్షణ.

కాలేజీ ఆఫీసులో కాగితాల పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. అప్పలసూరి పడుకుని ఏడు గంటలు. చాలినంత నిద్రే, అయినా అతనంతట అతను లేచేదాకా ఇల్లు ఊపిరి బిగబట్టాల్సిందే. సత్యశ్రీ చీరైనా మార్చుకోలేదు. వంటింట్లో నిలబడి పుస్తకం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. అరవలేదు, మామూలుగా మనుషులు మాట్లాడుకునేంత. సన్యాసమ్మ చేట పట్టుకుని పరుగున గుమ్మంలోకి వచ్చింది. "ఓలమ్మ, మెల్లిగా..." అంది. సత్యశ్రీ ఆపలేదు.

లోపల మంచం కిర్రుమంది. ఒక పేరా అయింది. తర్వాత అప్పలసూరి మాట వినిపించింది. కోపంగా లేదు, వింతగా ఉంది.

"అమ్మా, ఎవలొచ్చినారే మనింటికి? ఎవలిదా గొంతు?"

పన్నెండేళ్లు ఒకే కప్పు కింద బతికిన మనిషి అడుగుతున్నాడు. సన్యాసమ్మ కోడలి మొహం చూసింది. సత్యశ్రీ పేజీలో వేలు పెట్టి ఉంచి తలెత్తింది.

"నాను" అంది, చివరి బెంచీకి వినపడేలా.