తలమీద వాలిన పత్తా

బిజినేపల్లిలో పొద్దు పొడవకముందే బడేబీ ఇంటి ముందు విల్లు మోగేది. దూది ఏకే విల్లు అది, మనిషంత ఎత్తుంటుంది. కొడుకు సాబిర్ మిలిటరీలో లారీ నడపడానికి పోయినప్పటి నుంచి అది బడేబీ చేతికే వచ్చింది. ఏకిన దూదితో కోడలు తాజ్‌బీ పరుపులు కుట్టేది. పదేళ్ల మనవరాలు మదార్‌బీ దూదిలో గింజలు ఏరాలి. కానీ రెండు నెలలుగా ఆ పిల్ల లేస్తూనే పాత ధాన్యపు కొట్టానికి పరుగెత్తుతోంది. అక్కడ అనంతయ్య సారు పేకాట పత్తాలతో ఇంగ్లీషూ లెక్కలూ చెబుతున్నాడు.

అనంతయ్య రాయచూరు వైపు నుంచి వచ్చాడు. గారడీ కంపెనీలో ఇరవై ఏళ్లు తిరిగానన్నాడు. మండుటెండలో కూడా పొడుగు చేతుల కోటు విప్పడు. ఫీజు అడగడు, పూటకో ఇంట్లో జొన్నరొట్టె పెడితే చాలంటాడు. ఆడపిల్లల్ని కూడా పంపమంటాడు.

పత్తాల మీద ఊళ్లో ఎవరికీ ఏ పేచీ లేదు. ఎవరైనా తప్పు చెబితే కట్టలోంచి ఒక పత్తా లేచి, చెప్పినవాళ్ల తలమీద పిచ్చుకలా వాలేది. నిజం చెప్పేదాకా దిగేది కాదు. ఈరన్న కూతురు ఏడో ఎక్కం రాక రెండు రోజులు డైమండ్ రాణిని నెత్తిన పెట్టుకునే మేకలు కాసింది. పిల్లలకు ఆముదం దట్టంగా రాయొద్దనీ, పత్తాలు జిడ్డు పడుతున్నాయనీ సారు తల్లులను బతిమాలుకున్నాడు. అంతే.

బడేబీ అనుమానమంతా మనిషి మీద.

"ఊరికెనే ఎవడన్న సదువు చెప్తడా బాలమ్మా?" అంది పక్కింటామెతో. "మూడేండ్ల కింద గిట్లనే ఒకడు కోటేసుకొని వచ్చిండు. పిల్లలకు పిప్పరమెంట్లు పంచిండు. పోయేటప్పుడు నా కొడుకుతోని కాగితం మీద వేలు పెట్టిచ్చుకొని తోలుకపోయిండు."

"ఈయన లెక్కలే చెప్తుండు గద వదినా."

"లెక్కలు ఎందుకంట? పిల్లలనే లెక్కవెట్టుకుంటున్నడేమో!"

ఒకరోజు తనే పోయి కొట్టం గుమ్మంలో కూర్చుంది. సారు పత్తాల కట్ట మదార్‌బీ ముందు పెట్టాడు.

"మూడును ఇంగ్లీషుల ఏమంటరు?"

"త్రీ."

"ఒక్కో అక్షరం చెప్పుకుంట ఒక్కో పత్తా తియ్యి."

"టీ, హెచ్, ఆర్, ఈ, ఈ." అయిదో పత్తా తిప్పితే ఇస్పేటు మూడు. పిల్లలు కేకలు పెట్టారు.

బడేబీ మాత్రం సారు వేళ్ల మీంచి చూపు తిప్పలేదు. "ముందే పేర్చి పెట్టినవ్! కట్ట కలుపుతున్నట్టు చేసినవ్ గని కలపలే. నేను చూసిన."

సారు కోపం తెచ్చుకోలేదు. ముఖం విప్పారింది. "అవునమ్మా, పేర్చిన. ఇరవై ఏండ్లల్ల నన్ను పట్టుకున్నది నువ్వొక్కదానివే."

ఆ పొగడ్తతో ఆమె అనుమానం ఇంకా పెరిగింది. అతను స్నానానికి పోయినప్పుడు కొయ్యకు తగిలించిన కోటు జేబులు తడిమింది. పిల్లల పేర్లు వరసగా రాసుకున్న కాగితం దొరికింది. దాన్ని కొంగులో ముడేసుకొని ఇంటికొచ్చి, "రేపటి నుంచి పిల్ల పోవద్దు" అంది.

ఎన్నడూ ఎదురు మాట్లాడని తాజ్‌బీ సూది ఆపింది. "అత్తా, జాబు మీద పిల్ల నాయన మిలిటరీ నంబరు ఇప్పుడు నీ మనవరాలే రాస్తున్నది. పిల్ల రాయవట్టినంక ఒక్క జాబు గూడ వాపస్ రాలే."

బడేబీ గొణుక్కుంది గానీ, మరునాడు పిల్లను ఆపలేదు.

వానలు మొదలైన వారానికి టపా మనిషి నాగర్‌కర్నూలు నుంచి పొడుగు కవరు తెచ్చాడు. లోపల ఇంగ్లీషు అచ్చు కాగితం. ఊళ్లో అది చదవగలిగింది అనంతయ్య ఒక్కడే. పిలిస్తే పరుగున వచ్చాడు. చదువుతూ చదువుతూ అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్మా... మీ సాబిర్ లడాయిల చనిపోయిండు."

అతని కోటు జేబులోంచి ఆఠీను ఎనిమిది లేచి అతని తలమీదే వాలింది.

ఏడవబోయిన తాజ్‌బీ నోరు అలాగే ఉండిపోయింది. బడేబీ ఒక్క ఉదుటున లేచింది. "చూసిన్రా! నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న. వీడు అబద్ధం చదువుతుండు!"

అనంతయ్య కాగితం ముందుకు చాచాడు. "అక్షరం మార్చలేదమ్మా. కావాలంటే పిల్లతోని చదివించు."

మదార్‌బీ కాగితం తీసుకుంది. వేలితో పట్టి పట్టి చదివింది. "షేక్ సాబిర్. కే, ఐ, ఎల్, ఎల్, ఈ, డీ. కిల్డ్."

"అంటే?"

"సచ్చిపోయిండు... నాయన."

పత్తా సారు తలమీంచి లేచి పిల్ల తలమీద వాలింది. వాకిట్లో చేరిన జనం ముందుకు తోసుకొచ్చారు. చదివింది తప్పు కాదు. తప్పు ఇంకెక్కడో ఉంది.

మదార్‌బీ మళ్లీ మొదటి నుంచి చూసింది. పేరు పక్కన నంబరు దగ్గర ఆగింది. "సారూ, నాయన నంబరు నలభై ఆరు వేల రెండువందల డెబ్బై ఒకటి. ఈడ చివర పదిహేడు ఉన్నది. డెబ్బై ఒకట్ల అది తీసేస్తే యాభై నాలుగు. తొమ్మిదారులు."

తొమ్మిదో ఎక్కంలో పడితే అంకెలు తారుమారైనట్టని సారే నేర్పాడు. "అచ్చు కొట్టినోడు అంకెలు తారుమారు చేసిండు" అన్నాడు మెల్లగా. "మనిషి మన సాబిరే."

పత్తా మళ్లీ ఎగిరి ఆయన తలమీదికి వచ్చింది.

"కాదు," అంది మదార్‌బీ. "గీయన వేరే సాబిర్."

ఆఠీను ఎనిమిది నెమ్మదిగా దిగి, జేబులోకి పోయి పడుకుంది.

తాజ్‌బీ గాజులు పగలగొట్టడానికి వచ్చిన ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పోయారు.

నెల తిరగకముందే సాబిర్ జాబు వచ్చింది. కాలికి దెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడు. ఆ పేరు వాళ్లు తమ కంపెనీలో ఇద్దరట. చనిపోయిన రెండోవాడు సోమశిలలో పడవ నడిపే ఆమె కొడుకు. 'ఆఫీసోళ్లను నమ్మద్దు, నువ్వే పోయి ఆ తల్లికి చెప్పమ్మా' అని రాయించాడు.

బడేబీ కొంగు ముడి విప్పి, పేర్ల కాగితం అనంతయ్య చేతిలో పెట్టింది. "బండి కట్టిస్తున్న. పిల్ల వస్తది, నువ్వు గూడ రావాలె సారూ" అంది. ఆమె అతన్ని సారూ అనడం అదే మొదలు.

సోమశిల రేవులో అమీరున్నీసా వల అల్లుతోంది. భర్త పోయాడు, ఉన్నది ఒక్కడే కొడుకు. బండి దిగిన ముగ్గురినీ పైనుంచి కిందికి చూసింది.

"ఎవలు మీరు? నా కొడుకు సంగతి మీకెందుకు?"

ఆ చూపు బడేబీకి కొత్త కాదు. కాగితం మనవరాలి చేతికిచ్చింది. మదార్‌బీ కాగితం విప్పి, నంబరుతో సహా ఒక్క అక్షరం విడవకుండా చదివింది. చివర తెలుగులో అర్థం చెప్పింది.

బడేబీ సారు జేబు వైపే చూస్తూ నిలబడింది. ఒక్కటన్నా లేవాలని, ఏదో ఒకటి ఎగిరి పిల్ల తలమీద వాలాలని చూసింది. కృష్ణ మీది గాలికి కోటు అంచు కొట్టుకుంటోంది. జేబు కదల్లేదు.

అప్పుడు ఆమె పోయి అమీరున్నీసా చేతిలోంచి వల తీసి పక్కన పెట్టింది. ఆమె అరిచినా, కొట్టినా వదలకుండా పట్టుకుని కూర్చుంది.

పిల్లనూ సారునూ బండిలో పంపేసి, నలభై రోజులు అక్కడే ఉండిపోయింది. నలభయ్యో నాడు ఆ కొడుకు పేర ఫాతిహా అయ్యాక బిజినేపల్లి నుంచి బండి వచ్చింది. బడేబీ ఎక్కి, పక్కనున్న గడ్డి సర్దింది.

"అక్కా, జాగ ఉన్నది. ఎక్కు" అంది అమీరున్నీసాతో.