అడగని గంటలు

"నీ టేబుళ్ళలో ముప్పాతిక ఖాళీలేనటగా! ఖాళీలు గీయడానికి కూడా ఉద్యోగం ఇస్తారా?" అన్నాడు భర్త, బూట్ల లేసు కట్టుకుంటూ. అత్తగారు నవ్వారు. ఆమె కూడా నవ్వేసి పిల్లల డబ్బాలకు మూతలు పెట్టింది. ఒకటి సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ తీసి చూసింది.

బస్సులోనూ ఆ మాటే మెదిలింది. నిజమే, ఖాళీలే. గణాంకాల ఆఫీసులో ఆమె పని ఇంటింటి సర్వే జవాబులకు డేటాబేసులో చోటు చూపించడం. ప్రశ్నలు తొమ్మిది వందలు. పొలం లేనివాళ్ళకు ఎరువు ప్రశ్న ఉండదు, పిల్లలు లేనివాళ్ళకు బడి ప్రశ్న ఉండదు. టేబుల్లో మనిషికో వరుస, ప్రశ్నకో గడి గీస్తే తేనె పిండేసిన పట్టులా అంతా బోలే. కానీ అడిగితే 'లేదు' అన్నది సున్నా. అసలు అడగనిది సున్నా ఎలా అవుతుంది? ఈ తేడా చెప్పబోతే చాలు, కోడిగుడ్డుకు ఈకలు పీకుతోందన్నట్టు చూస్తారు.

ఆమె కూర్చోకముందే పై అధికారి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఈ ఖాళీలు? రేపు నివేదిక పైకి వెళ్ళాలి. అన్నింట్లో సున్నా కొట్టెయ్, నిండుగా కనబడుతుంది."

"సున్నా అంటే జవాబండీ. ఇవి అడగనివి."

"వంటింట్లో కూడా ఇలాగే గింజ గింజా ఏరతావా?" అని తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె కుర్చీ లాక్కుని కంప్యూటర్ తెరిచింది. ఏ ప్రశ్నకు ఖాళీలు ఎక్కువో వెతికింది. 'ఇంటిపనికి రోజుకు ఎన్ని గంటలు?' దాని ఎదురుగా పదకొండు వేల మంది ఆడవాళ్ళ గడులు ఖాళీ. సర్వేకు వెళ్ళినవాళ్ళు గుమ్మంలో కనబడ్డ మగవాణ్ణి అడిగి, అతను చెప్పింది రాసుకుని, ఆడవాళ్ళ గంటలు అడక్కుండానే వచ్చేశారన్నమాట. ఎందుకో తన ఇంటి నంబరు కొట్టింది. గదులు మూడు, ఫ్యాన్లు నాలుగు, అన్నీ ఉన్నాయి. తన గంటల దగ్గర ఖాళీ. ఆ రోజు గుర్తొచ్చింది. తను పెరట్లో దుప్పట్లు పిండుతోంది. గుమ్మంలోంచి భర్త గొంతు: "ఆవిణ్ణి పిలవడమెందుకండీ, పనిలో ఉంది. నన్నడగండి."

ఇప్పుడు సున్నా కొడితే ఆ దుప్పట్లు తడవనే లేదన్నట్టే.

తొమ్మిది వందల గడుల ఆ వెడల్పాటి టేబుల్ పక్కన పెట్టి, సన్నటిది కట్టడం మొదలుపెట్టింది. ఇల్లు, మనిషి, ప్రశ్న, జవాబు, చెప్పిందెవరు. అంతే. జవాబుకో వరుస. అడగనిదానికి వరుసే ఉండదు. చెప్పిందెవరో రాయనిదే ఏ జవాబునీ తీసుకోదు.

సాయంత్రం అధికారి ఆమె కుర్చీలో కూర్చుని విసుక్కున్నాడు. "ఇందులో సున్నా పడట్లేదేంటమ్మా?"

"ఎవరు చెప్పారో రాస్తే పడుతుందండీ."

"ఎవరని రాయను?"

"మీ పేరే రాయండి. పదకొండు వేల మంది ఆడవాళ్ళు ఇంట్లో ఏ పనీ చెయ్యరని మీరే చెప్తున్నారుగా."

అతని వేలు మీటల మీద ఆగిపోయింది. ఆమె అక్కడితో ఆపలేదు.

"లేదంటే మళ్ళీ అడిగించండి. నివేదిక ఆలస్యం నా మీద వేసుకుంటాను. మా ఇంటికి ఆదివారం పంపండి, తలుపు నేను తీస్తాను."